స్క్వాడ్‌లో నాలుగోవాడి డ్యామేజ్ 150 దాటట్లేదు, తీసేయాలా?

ముందు నువ్వు అడిగింది నాకు అర్థమైనంతలో చెప్తాను, తేడా ఉంటే సరిచెయ్యి. ఇంటర్ నుంచి కలిసి ఆడుతున్న నలుగురు మీరు. ఇప్పుడు తలా ఒక ఊళ్లో ఇంజనీరింగ్ చదువుతూ రాత్రిళ్లు బీజీఎంఐ అనే మొబైల్ షూటింగ్ ఆట ఆడుతున్నారు. ఎవరేం చేయాలో మైక్‌లో కాల్స్ ఇచ్చేది నువ్వు, అంటే ఐజీఎల్‌వి (ఇన్-గేమ్ లీడర్‌వి). ఈ మధ్య చిన్న చిన్న స్క్రిమ్స్‌లో (వేరే టీమ్‌లతో పెట్టుకునే పోటీ మ్యాచ్‌ల్లో) కూడా దిగుతున్నారు. ముగ్గురికి మ్యాచ్‌కి 500, 600 డ్యామేజ్ (శత్రువుల్ని ఎంత కొట్టారన్న లెక్క) వస్తుంటే నాలుగోవాడికి 150 దాటడం లేదు. మీలో బాగా కొట్టేవాడు మైక్‌లోనే వాడిని బూతులు తిడుతున్నాడు. వాడేమో వారం నుంచి మైక్ ఆఫ్ చేసి ఆడుతున్నాడు. వాడిని తీసేసి హాస్టల్ సీనియర్ ఒకతన్ని తెచ్చుకుందామని మిగతా ఇద్దరూ అంటున్నారు. ‘అన్నా, ఫ్రెండ్‌షిప్ పాడవకుండా ఎలా చెప్పాలి?’ అన్నది నీ ప్రశ్న.

తమ్ముడూ అనే పిలుస్తాను, ఏమీ అనుకోకు. నాకు నలభై దాటింది. 2009, 2010 ప్రాంతంలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో యూరప్ సర్వర్ మీద 25 మందితో రెయిడ్లు (అందరూ కలిసి పెద్ద బాస్‌ని కొట్టే ఫైట్లు) నడిపాను. ఆ తర్వాత డోటా, ఇప్పుడు మా అక్క కొడుకుతో మీ ఆటే. చేతివేళ్లు నెమ్మదించాయి గానీ, మైక్‌లో మనుషులు ఎలా గొడవపడతారో చూసిన అనుభవం మాత్రం బాగానే ఉంది.

ఎలా చెప్పాలన్నది తర్వాత. చెప్పాల్సింది అసలు వాడికేనా అన్నది ముందు చూద్దాం. ఎందుకంటే నువ్వే ఉదాహరణగా రాసిన ఆ పోచింకి (ఆట మ్యాప్‌లో ఒక ఊరు) మ్యాచ్ నేను రెండుసార్లు చదివాను.

నువ్వు రాసింది ఇది: మీ స్టార్ ప్లేయర్ ఎదురు బిల్డింగ్ మీదకి ఒక్కడే రష్ వెళ్లాడు. ఒకడిని నాక్ చేశాడు (చావకుండా కింద పడేశాడు), వెంటనే తనూ నాక్ అయ్యాడు. నాలుగోవాడు రివైవ్‌కి, అంటే అతన్ని లేపడానికి, పరుగెత్తాడు, స్మోక్ (పొగ బాంబు) వేయకుండా కూర్చున్నాడు, వాడూ పోయాడు. ‘స్మోక్ కూడా వేయడం రాని వాడితో స్క్రిమ్స్ ఏంట్రా’ అని గొడవ మొదలు. నిజమే, స్మోక్ వేయకపోవడం తప్పే. కానీ నువ్వు దాటేసిన రెండు ముక్కలున్నాయి. రివైవ్ పూర్తవడానికి పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లు ఎదుటివాడి కిటికీ మీద కాల్పులు జరుపుతూ ఉండాల్సింది ఎవరు? నీ మాటల్లోనే, ‘నేను అప్పటికి వెనక ఇంట్లో లూట్ చేస్తున్నా’. మూడోవాడు బండి కోసం వెళ్లాడు. అంటే ఒకడు చెప్పకుండా లోపలికి దూకాడు, ఇద్దరు అక్కడ లేరు, ఉన్న ఒక్కడూ మనిషిని కాపాడబోయి చచ్చాడు. మ్యాచ్ అయ్యాక తిట్లు పడింది మాత్రం ఆ ఒక్కడికి.

ఇది మీ ఒక్కరికే జరిగేది కాదు. టీమ్ ఆట ఏదైనా సరే, తప్పు మొదలైన చోటు ఒకటి, కంటికి కనిపించిన చోటు ఇంకొకటి ఉంటాయి. తిట్లు ఎప్పుడూ కనిపించిన చోటే పడతాయి.

ఇక డ్యామేజ్ సంగతి. ఆ అంకె అబద్ధం కాదు, కానీ అది ఒక్క పనినే కొలుస్తుంది. బండి నడిపినవాడికి, జోన్ (కుంచించుకుపోతూ ఉండే సేఫ్ ఏరియా) చూసి ముందే కాంపౌండ్ పట్టి పెట్టినవాడికి, తన దగ్గరున్న ఫస్ట్ ఎయిడ్ నీకు పడేసినవాడికి అందులో ఏమీ రాదు. స్క్రిమ్స్‌లో దిగుతున్నావు కాబట్టి పాయింట్ల లెక్క నీకు తెలిసే ఉంటుంది: మొదటి స్థానానికి 10, తర్వాత 6, 5, 4, 3, 2, ఏడు ఎనిమిది స్థానాలకు ఒక్కొక్కటి, ఫినిష్‌కి, అంటే ఒక శత్రువుని చంపితే, ఒక పాయింట్. ఐదు ఫినిష్‌లు చేసి పన్నెండో స్థానంలో చచ్చిన స్క్వాడ్‌కి 5 వస్తాయి. రెండే ఫినిష్‌లతో మూడో స్థానం దాకా బతికిన స్క్వాడ్‌కి 7 వస్తాయి. మీరు టాప్ 3కి వెళ్లిన మ్యాచ్‌లు నాలుగు తీసి చూడు. వాటిలో జోన్‌లోకి దారి ఎవరు చూశారు, ఎవరు ఎవర్ని ఎన్నిసార్లు లేపారు అన్నది రాసుకో. రివైవ్‌లు ఎన్ని అన్నది ఆటే లెక్క పెడుతుంది, మనమే చూడం. ఆ నాలుగు మ్యాచ్‌ల్లోనూ వాడు చేసింది ఏమీ లేదని తేలితే సరే, నా మాట వెనక్కి తీసుకుంటా.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. ఇదే తప్పు నేను చేశాను.

వార్‌క్రాఫ్ట్‌లో లిచ్ కింగ్ అని ఒక బాస్ ఉండేవాడు. ఆ ఫైట్ రెండో దశలో మూడు వాల్కిరీలు (రెక్కలున్న శత్రువులు) దిగేవి. ముగ్గురు ఆటగాళ్లను ఎత్తుకుని వేదిక అంచు దాకా మోసుకెళ్లి కిందకి వదిలేసేవి. పడిపోయినవాడు ఇక ఆ ఫైట్‌లో లేనట్టే. అవి అంచుకి చేరేలోపు అందరూ బాస్‌ని వదిలేసి, వాటిని నెమ్మది చేసి, కొట్టి, మనుషుల్ని విడిపించాలి. మావాళ్లు అక్కడే వారాల తరబడి చచ్చారు. యూరప్ వాళ్ల రాత్రి 8 గంటలంటే చలికాలంలో మనకి అర్ధరాత్రి 12:30. మర్నాడు ఆఫీసు. నిద్ర లేదు, ఓపిక లేదు, ఇరవై ఐదు మంది మైక్‌లో.

అప్పట్లో రికౌంట్ అని ఒక యాడాన్ (ఆటకి జోడించుకునే చిన్న ప్రోగ్రామ్) ఉండేది. ఎవరెంత డ్యామేజ్ చేశారో స్క్రీన్ మూలన బార్లుగా చూపించేది. అందులో ఎప్పుడూ పైన ఉండేది ఒక వార్లాక్ (మంత్రగాడి పాత్ర ఆడేవాడు). కింద నుంచి రెండో మూడో స్థానంలో ఉండేవాడు ఒక మేజ్ (ఇంకో రకం మంత్రగాడు), కేరళ కుర్రాడు, నాతో పాటు మొదట్నుంచీ ఉన్నవాడు. ఒక రాత్రి పదకొండోసారి చచ్చాక ఎవరో ‘ఆ మేజ్‌ని మార్చండి’ అన్నారు. నేను అతనికి ఒక్క మాటైనా చెప్పకుండా తర్వాతి వారం లిస్ట్‌లో పేరు తీసేసి వేరేవాడిని పెట్టాను. అతను లాగిన్ అయ్యి, ఇన్విటేషన్ కోసం గేటు బయట అరగంట నిలబడ్డాడు. నాకు కనిపిస్తూనే ఉన్నాడు. ‘ఈ రోజు ఖాళీ లేదు బ్రదర్’ అని ఒక లైన్ టైప్ చేసి ఊరుకున్నాను.

ఆ వారం ఇంకా ఘోరంగా ఆడాం. వాల్కిరీలు ఒక్కోసారి ముగ్గురినీ ఎత్తుకుపోయేవి. అప్పుడు కూర్చుని పాత రాత్రుల లాగ్ ఫైళ్లు, అంటే ఎవరెప్పుడేం చేశారో ఉండే రికార్డులు, తెరిచాను. పైన ఉన్న వార్లాక్ వాల్కిరీల మీద దాదాపు చెయ్యే వేయడం లేదు. అందరూ అటు తిరిగినప్పుడు తను బాస్‌నే కొట్టుకుంటూ బార్ పెంచుకుంటున్నాడు. కింద ఉన్న మేజ్ ప్రతిసారీ తన పని ఆపి, వాటి వెంట పరుగెత్తి, స్లో వేసి పట్టి ఉంచుతున్నాడు. అందుకే అతని బార్ చిన్నది. మేము బతికిందే అతని వల్ల.

క్షమించమని మెసేజ్ పెట్టాను. ‘పర్లేదు’ అన్నాడు, అంతే, తిరిగి రాలేదు. లాగ్ చూడాలని నాకు వారం ముందు ఎందుకు తోచలేదో ఇప్పటికీ అర్థం కాదు. తోచకపోవడం కాదు లే, చూడడం కంటే తీసేయడం తేలిక.

ఇలాంటి అంకెలతో ఏం చేయాలో ఆటలు తయారుచేసే కంపెనీలకే తెగలేదు. 2016లో ఓవర్‌వాచ్ వచ్చినప్పుడు అందరి అంకెలూ కనిపించే స్కోర్‌బోర్డ్ పెట్టలేదు, ఎవరి పతకాలు వాళ్లకే కనిపించేవి. గొడవలు తగ్గాయా? ‘నాకు డ్యామేజ్‌లో గోల్డ్ ఉంది, మీరేం పీకుతున్నారు’ అని దాంతోనే తిట్టుకున్నారు. 2022లో ఓవర్‌వాచ్ 2తో మామూలు స్కోర్‌బోర్డే తెచ్చారు. ఫైనల్ ఫాంటసీ 14 వాళ్లది ఇంకో దారి: డ్యామేజ్ కొలిచే బయటి టూల్సే నిషిద్ధం, ఆ అంకెలు చూపించి ఎదుటివాడిని వేధిస్తే శిక్ష పడుతుంది. నా అభిప్రాయం అడిగితే అంకె దాచడం వల్ల లాభం లేదు. అంకె చూసి మనం అడిగే ప్రశ్న మారాలి. ‘ఎందుకింత తక్కువ?’ అని నిలదీయడం మానేసి ‘ఆ టైంలో ఏం చేస్తున్నావు?’ అని అడగాలి.

సరే, ఇప్పుడు నువ్వు అడిగిన ‘ఎలా చెప్పాలి’ దగ్గరికి వద్దాం.

మ్యాచ్ నడుస్తున్నప్పుడు మా గిల్డ్‌లో (వార్‌క్రాఫ్ట్ టీమ్‌లో) ఒక రూల్ పెట్టుకున్నాం, ఆ మేజ్ గొడవ తర్వాతే. ఇంగ్లీషులో పెట్టుకున్న రూల్ గానీ మన తెలుగులో ఇంకా బాగా అతుకుతుంది. మ్యాచ్ మధ్యలో భూతకాలం మాట్లాడకూడదు. ‘ఎందుకెళ్లావ్’, ‘చూడలేదా’, ‘చెప్పాను కదా’, ‘చంపేశావ్ కదరా’. ఇవన్నీ అయిపోయినదాని గురించి. వీటివల్ల ఎదురు బిల్డింగ్‌లో ఉన్నవాడి హెల్త్ ఒక్క పాయింట్ తగ్గదు. ‘ఆగు’, ‘వెనక్కి రా’, ‘స్మోక్ వెయ్’, ‘240 డిగ్రీల వైపు చెట్టు వెనక ఒకడు’, ‘నేను కవర్ ఇస్తున్నా, లేపు’. ఇవి చేయాల్సిన పనులు. వీటిని ఎంత గట్టిగా అరిచినా ఎవరికీ కోపం రాదు, చిత్రంగా. అదే గొంతుతో ‘ఎందుకెళ్లావ్’ అంటే చాలు, మనిషి ముడుచుకుపోతాడు. ముడుచుకున్నవాడు తర్వాత పది నిమిషాలు కాల్స్ ఇవ్వడు, శత్రువుని చూసినా చెప్పడు, తప్పు చెప్తానేమోనని. మీవాడు మైక్ ఆఫ్ చేసింది పొగరుతో అనుకుంటున్నారు మీరు. అలా ముడుచుకుపోయి ఆఫ్ చేశాడని నేననుకుంటున్నా.

మీ నలుగురూ ఒకసారి రెండు మ్యాచ్‌లు స్క్రీన్ రికార్డ్ పెట్టి, తర్వాత మాటలు వినండి. ఎన్ని క్రియలు ‘-ఆవ్’తో అయ్యాయో లెక్కేసుకోండి. నవ్వొస్తుంది మొదట, తర్వాత రాదు.

మ్యాచ్ అయ్యాక మాట్లాడాలి, తప్పకుండా. ఏమీ అనకుండా మర్యాదగా ఉండిపోయే స్క్వాడ్‌లు కూడా చూశాను, అవీ బాగుపడవు. లోపల పేరుకుపోయింది ఒక రాత్రి పగులుతుంది. కానీ ప్రతి మ్యాచ్ తర్వాతా పంచాయితీ పెట్టొద్దు. రాత్రికి ఒక్కసారి, చివర్లో, పది నిమిషాలు. ముందు నువ్వే మొదలుపెట్టు, నీ తప్పుతో. పోచింకిలో అయితే ‘రివైవ్ టైంకి నేను లూట్‌లో ఉన్నా, కవర్ ఇవ్వలేదు, అది నాది’ అని. ఐజీఎల్ నోటి నుంచి ఆ మాట వచ్చిన రోజు మిగతావాళ్లకి తమ తప్పు దాచుకోవాల్సిన అవసరం పోతుంది. ఉత్తుత్తిగా అనకు, కనిపెట్టేస్తారు. నిజంగా నీదైనదే చెప్పు, దొరుకుతుంది, ఐజీఎల్‌కి దొరక్కపోవడం ఉండదు.

తర్వాత మనిషికి ఒక్క విషయం. ‘నీ గేమ్ సెన్స్ బాలేదు’ అన్నది విమర్శ కాదు, ఎందుకంటే రేపు రాత్రి 9:30కి దాంతో వాడు చేయగలిగింది ఏమీ లేదు. ‘రివైవ్‌కి వెళ్లే ముందు స్మోక్, అది పరుచుకునే దాకా ఆగు, తర్వాత కూర్చో’ అన్నది వాడు రేపే చేయగలడు. వాడి బ్యాగులో స్మోక్‌లు ఎప్పుడూ మూడు ఉండేలా మిగతా ముగ్గురూ ఇవ్వాలి, అది మీ వంతు. అసలు స్మోక్ ఉండి వేయలేదా, దగ్గర లేనందువల్ల వేయలేదా అన్నది ఆ రాత్రి ఎవరైనా అడిగారా? నీ పోస్టులో అది లేదు.

ఇంకొకటి. ఒక్కొక్కడి స్క్రీన్ వేరు. నువ్వు కొండ మీద ఉండి చూసింది వాడికి గోడ వెనక కనిపించదు. కాబట్టి తీర్పు ఇచ్చే ముందు ‘అప్పుడు నీకేం కనిపించింది?’ అని అడుగు. నా అనుభవంలో సగం సార్లు అక్కడితోనే గొడవ ఆగిపోయింది. ‘ఇద్దరూ నాక్ అయ్యారని కాల్ విన్నా, అందుకే వెళ్లా’ అంటాడు. ఆ కాల్ ఇచ్చినవాడు దగ్గుతాడు.

మీ స్టార్ ప్లేయర్ సంగతి. ఇది నీకు కష్టమైన భాగం, నువ్వు తప్పించుకుంటున్నదీ ఇదే. వాడి డ్యామేజ్ 600 కాబట్టి వాడి నోటికి లైసెన్స్ ఇచ్చేశావు. స్నేహితుల మధ్య ‘ఒరేయ్’, ‘వెధవ’ మామూలే, నేనేం సన్యాసిని కాదు. కానీ అమ్మని లాగి తిట్టడం వేరు. అది అనేవాడు నవ్వుతూ అన్నా, పడేవాడు నవ్వుతూ విన్నా, లోపల మిగిలిపోతుంది. దానికి వాడితో విడిగా మాట్లాడు, నలుగురిలో కాదు. ఆట గురించే మాట్లాడు, నీతులు చెప్తే వినడు: ‘నువ్వు చెప్పకుండా దూకుతున్నావ్, నిన్ను లేపబోయి ఒకడు పోతున్నాడు, ఇద్దరు పోయాక మిగిలిన ఇద్దరం జోన్‌లో నిలబడలేం. రష్‌కి ముందు రెండు సెకన్లు ఆగి వెళ్తున్నా అని కాల్ ఇవ్వు.’ ఇది వాడికి మీరిచ్చే ఒక్క విషయం. తీసుకోకపోతే, నలుగురిలో మార్చాల్సిన మనిషి ఎవరో నువ్వే ఆలోచించుకో. నేను ఆ వార్లాక్‌ని పంపేశాను చివరికి. అతనికంటే తక్కువ డ్యామేజ్ చేసేవాడితోనే లిచ్ కింగ్ పడ్డాడు, మేజ్ లేకుండా.

ఇవన్నీ చేసి నెల చూశాక కూడా వాడు స్క్రిమ్స్ స్థాయికి సరిపోవడం లేదనుకో. అలా జరగొచ్చు. అందరికీ అంత ఆసక్తి ఉండదు, ఉండాలని లేదు. బహుశా వాడు మీతో రాత్రి కబుర్ల కోసం లాగిన్ అవుతున్నాడేమో, మీరు ప్రైజ్ మనీ కోసం అవుతున్నారేమో. అసలు ఈ స్క్వాడ్ ఎందుకుందో మీరు నలుగురూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు కదా? స్క్రిమ్స్ మొదలుపెట్టిన రోజు అడగాల్సిన మాట అది: వారంలో మూడు రాత్రులు సీరియస్, మిగతావి సరదాకి, సరేనా? వాడు సీరియస్ రాత్రులకి ‘నా వల్ల కాదురా’ అని తనే అనొచ్చు. అప్పుడు తీసేయాల్సిన పనే ఉండదు. ఆ మాట అడగకుండానే వాడి మీద స్క్రిమ్స్ కొలత పెట్టడం న్యాయం కాదు.

అయినా తప్పక చెప్పాల్సి వస్తే మెసేజ్ పెట్టకు. ఫోన్ చెయ్యి, నువ్వే చెయ్యి, ఒక్కడివే. ‘స్క్రిమ్స్‌కి వేరేవాడితో ఆడదామనుకుంటున్నాం, కారణం ఇది’ అని తిప్పకుండా చెప్పు. వాడు లేకుండా ముగ్గురూ కొత్త వాట్సాప్ గ్రూప్ పెట్టుకునే ముందే చెప్పు. ఆ గ్రూప్ ఇప్పటికే పెట్టారని నీ పోస్ట్ చదివితే నాకు అనుమానంగా ఉంది. పెట్టి ఉంటే ఈ రోజే తీసేయండి. డ్యామేజ్ తక్కువని అన్నందుకు స్నేహం పోదు తమ్ముడూ, గేటు బయట అరగంట నిలబెడితే పోతుంది.

చివర్లో నువ్వు అడిగిన ఇంకో ప్రశ్న, రాండమ్స్ (ఆటలో అనుకోకుండా జతయ్యే తెలియనివాళ్లు) తిడితే ఏం చేయాలని. మ్యూట్ చెయ్యి, రిపోర్ట్ కొట్టు, మర్చిపో. అరగంట తర్వాత నీ జీవితంలో లేని మనిషితో వాదన దేనికి.

ఇంతా రాశాక ఒకటి గుర్తొచ్చింది. మీ ముగ్గురి ఫోన్ల గురించి రాశావు, సెకనుకి 90 ఫ్రేమ్‌లు (బొమ్మలు) వస్తాయని, వైఫై బాగుందని. నాలుగోవాడు ఊళ్లో ఇంటి దగ్గర నుంచి మొబైల్ డేటాతో ఆడుతున్నాడని ఒక్క లైన్ రాసి వదిలేశావు. ఫోన్ ఏదో రాయలేదు. పాత ఫోన్ అయ్యి గ్రాఫిక్స్‌లో 30 ఫ్రేమ్‌ల దగ్గరే ఆగిపోతే, వాడికి కొత్త బొమ్మ 33 మిల్లీసెకన్లకి ఒకసారి వస్తుంది, మీకు 11కే వస్తుంది. దాని మీద పింగ్ (నెట్ ఆలస్యం) 120, 150 మిల్లీసెకన్లు ఉంటే, మూల తిరిగి వచ్చిన శత్రువు వాడిని చూసి కాల్చడం మొదలుపెట్టాక వాడికి శత్రువు కనిపిస్తాడు. అలాంటివాడిని దగ్గర ఫైట్లలో ముందు నిలబెట్టి డ్యామేజ్ ఏదిరా అంటే ఎక్కడ్నుంచి తెస్తాడు? ఈ రాత్రి లాబీలోకి వచ్చాక, మ్యాచ్ స్టార్ట్ నొక్కే ముందు, వాడి ఫ్రేమ్ రేట్ సెట్టింగ్ ఎంత దాకా వెళ్తుందో, పింగ్ ఎంత చూపిస్తోందో అడిగి ఇక్కడ రాయి. వాడికి ఏ రోల్ ఇవ్వాలో అప్పుడు మాట్లాడదాం.